టెనేషస్ దాకా

"ఆబ్‌స్టినేట్ కాడ టబ్బు పట్టాలు తప్పింది!" అని సదయ్య కేక వేస్తే గోదావరిఖనిలోని ఆ బొగ్గు బాయి అడుగున ఎవరూ ఆశ్చర్యపోలేదు. టబ్బుల్లో బొగ్గు నింపే నలుగురు ఫిల్లర్లు తట్టలు కింద పడేసి అటు నడిచారు. ఆ నలుగురిలో ఒక్కడికీ అక్షరం ముక్క రాదు. ఆబ్‌స్టినేట్ అంటే మొండి అని మాత్రం నలుగురికీ తెలుసు. మొండికెయ్యడానికి టబ్బు మంచి జాగానే చూసుకుందని ఆగయ్య నవ్వాడు కూడా.

ఈ పేర్లు పెట్టిన మహానుభావుడు టింబర్‌మన్ కొమురెల్లి. బొగ్గు తీసిన కొద్దీ లోపల జాగా ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన చోట పై బండ కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. ఆ దుంగల్ని ప్రాపులంటారు. ఎత్తు కర్రతో కొలిచి, దుంగను రంపంతో కోసి, నేలలో జానెడు గుంత తవ్వి, మొదలు అందులో కూర్చోబెట్టి, తలమీద చెక్క పెట్టి సుత్తితో బిగిస్తాడు. బిగించాక ఒక్క దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే సరే, లేకపోతే మళ్లీ మొదలు. చుట్టుపక్కల బాయిల్లో చాలామంది టింబర్‌మన్లు గుంత తవ్వకుండా నేలమీదే దుంగను ఆనించి పోతారు. కొమురెల్లి అట్లా ఒక్కటీ పెట్టలేదు.

రోజూ చివరి ప్రాపు బిగించాక అతను చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి దానిమీద ఒక ఇంగ్లీషు మాట రాస్తాడు. రాసి, చుట్టూ చేరిన ఫిల్లర్లకు అర్థం చెప్తాడు. చెప్పేటప్పుడు అతని మెడ కొంచెం నిక్కుతుంది. నిక్కనీ, తప్పేముంది! కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో గొడ్ల వెంట తిరిగిన మనిషి, అరవై ఏడో సంవత్సరం జూలై నాటికి మూడు వందల పన్నెండు ఇంగ్లీషు మాటలు పోగేశాడు.

మాటలు ఇచ్చేది హాజరు కిటికీలో కూర్చునే క్లర్కు వామనరావు. మంథని మనిషి. చదువుకున్న చదువంతా హాజరు పట్టీల్లో తెల్లారిపోతున్నదని ఆయన బాధ. అలాంటి వాడికి శిష్యుడు దొరికితే వదులుతాడా? పొద్దున షిఫ్టుకు దిగేముందు సిగరెట్టు డబ్బా అట్ట ముక్కమీద ఒక మాట, పక్కన తెలుగు అర్థం రాసి కిటికీలోంచి చేతిలో పెట్టేవాడు. అన్నం, నీళ్లు, రా, పో లాంటి మాటలు ఎన్నడూ ఇవ్వలేదు.

"చిన్న మాటలు వాటంతట అవే వస్తయి కొమురెల్లీ. పెద్ద మాటల్నే మనం పోయి తెచ్చుకోవాలె" అనేవాడు.

కొమురెల్లికి ఒక నియమం ఉంది. ప్రాపు నిలబెడితేనే మాట అతనిది. ఏ కారణం చేతనైనా నిలబెట్టని రోజున అట్టముక్క వాపసు ఇచ్చేస్తాడు. మాటలు ఎక్కించుకునే తన పుస్తకంలో తారీఖు వేసి పక్కన అడ్డగీత గీస్తాడు. "చెయ్యని పనికి మాట ముడుతదా సారూ?" అంటాడు. వామనరావు ఆ వాపసు వచ్చిన ముక్కల వెనక తారీఖు వేసి హాజరు పుస్తకంలో దాచేవాడు. నవ్వుకుంటూనే దాచేవాడు గాని, పారేయలేదు.

ఇక బాయిలో ఆ మాటలు జాగాల పేర్లైపోయాయి. ఎలొక్వెంట్ మలుపు దగ్గర ఉంది. ఫ్రూగల్ కాడ అందరూ సద్దులు విప్పుతారు. పెరెనియల్ కాడ బండలోంచి ఎండాకాలం కూడా నీళ్లు కారుతాయి, ఆ మాట అక్కడ రాయాలని కొమురెల్లి రెండు రోజులు దాచుకుని మరీ రాశాడు. తర్వాత ఆబ్‌స్టినేట్. దాని తర్వాత సోమవారం నాటిది టెనేషస్. పట్టు విడువనిది.

టెనేషస్ తర్వాత ఏం లేదు. మంగళవారం టింబర్ దిగలేదు. ఈవేళ బుధవారం కూడా దిగలేదు.

కొమురెల్లి పొడుగు కర్ర తీసుకుని టెనేషస్ దాటి లోపలికి నడిచాడు. కర్రతో పై బండను తట్టాడు. గట్టి బండ ఖంగుమంటుంది. ఇది ఖాళీ కుండలా డొల్లగా పలికింది. నాలుగు చోట్ల తట్టాడు, మూడు చోట్ల అదే పలుకు. అప్పుడే షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ దీపం ఊపుకుంటూ వచ్చాడు.

"సారూ, రెండు రోజులాయె. ఒక్క దుంగ రాలె. టెనేషస్ దాటి పద్నాలుగు అడుగులు పోయినం. బండ మంచిగ పలుకుతలేదు" అన్నాడు కొమురెల్లి.

"రేపు పొద్దున దిగుతది. గంత దాక బొగ్గు ఆపుమంటవా? పైన జవాబు చెప్పేది నువ్వా, నేనా?" అన్నాడు ఓవర్‌మన్. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "ఖాళీగుంటే ఇంకో పెద్ద మాట నేర్చుకో."

షిఫ్టు ముగిశాక కొమురెల్లి కిటికీలోంచి అట్టముక్క వామనరావుకు వాపసు ఇచ్చాడు. దానిమీద లూమినస్ అని ఉంది. వెలుగునిచ్చేది.

"నిన్నటిదే ఇయ్యాల ఇస్తిని. ఇయ్యాల సుత ముట్టలేదా?" అన్నాడు వామనరావు.

"ముట్టలె సారూ. రేపటికి ఉంచు."

గురువారం పొద్దున టింబర్ రాకముందే బండ వచ్చింది.

ముందు చిన్న పెళ్లలు రాలాయి. కొమురెల్లి ఆ చప్పుడు విని "బావా, ఎనుకకు రా! ఎనుకకు!" అని అరిచాడు. ఆగయ్య అతనికంటే పదేళ్లు పెద్ద, వరసకు బావ. తట్ట వదిలి తిరిగాడు, రెండడుగులు వేశాడు. మూడో అడుగు వేసే కాలిమీద బండ కూర్చుంది. దుమ్ములో ఎవరి దీపం ఎక్కడుందో తెలియలేదు. కొమురెల్లి, సదయ్య గడ్డపార దూర్చి బండను బెత్తెడు లేపారు, మిగిలినవాళ్లు ఆగయ్యను బయటికి లాగారు. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు.

స్ట్రెచర్ మీద మోస్తుంటే ఆగయ్య కళ్లు మూతలు పడుతున్నాయి. కొమురెల్లికి భయం పుట్టింది. నిద్రపోతే మళ్లీ లేవడేమోనని ఏదో ఒకటి మాట్లాడించాలనుకున్నాడు.

"ఏడికొచ్చినమే?" అన్నాడు ఆగయ్య మూలుగుతూ.

"ఆబ్‌స్టినేట్ దాటినం బావా. గిప్పుడు పెరెనియల్. మొకం మీద నీళ్లు పడుతున్నయి సూడు."

"ఆఁ. పడుతున్నయి."

"ముంగట ఏమొస్తది చెప్పు?"

"ఫ్రూగల్. నా సద్ది గాడనే ఉన్నది. కనకవ్వ పచ్చిపులుసు పెట్టింది."

"అటెంక?"

అలా ఒక్కో ప్రాపూ పేరు చెప్పించుకుంటూ, ఆగయ్య కళ్లు మూయకుండా, వెలుతురులోకి తెచ్చారు.

శుక్రవారం ఓవర్‌మన్ కొమురెల్లిని ఆఫీసుకు పిలిపించాడు. టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితం బల్లమీద పెట్టి పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"ఏం లేదు. నువ్వు డ్యూటీ మంచిగ చేసినవని రాసినం. సంతకం పెట్టు. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తడు, ఆయనకు చూపియ్యాలె."

కొమురెల్లి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఓవర్‌మన్ వారించలేదు. సుద్దముక్క ఇంగ్లీషుతో కాగితం చదువుతాడా అనుకున్నాడు. ఒకరకంగా నిజమే. కాగితంలో చిన్న మాటలు చాలా ఉన్నాయి, అవేవీ కొమురెల్లికి రావు. కానీ వామనరావు పుణ్యమా అని పెద్ద మాటలు ఒక్కొక్కటీ చీకట్లో దీపాల్లాగా కనిపించాయి. మంగళవారం, బుధవారం తారీఖులు. నాలుగేసి ప్రాపులు. ఆగయ్య పేరు. ఆ పేరు పక్కనే ఒక మాట: తొలగించుట. ఇంకొకటి: అనుమతి లేని. ఆ రెండూ పోయిన వానాకాలంలో నేర్చినవి. కింద చోటు తన సంతకానికి.

రెండుసార్లు వేలు పెట్టి చదివాడు. లేని ప్రాపులు ఉన్నాయని తాను చెప్పాలి. ఉన్న ప్రాపుల్ని ఆగయ్య పీకాడని కాగితం చెప్తుంది. టబ్బుకు అడ్డం వచ్చిందని ఫిల్లర్లు ప్రాపు తన్నేయడం బాయిల్లో లేని సంగతేం కాదు, ఎవరైనా నమ్ముతారు. కాలు పోయినవాడి నౌకరీ కూడా పోతుంది.

"ఆగయ్య ప్రాపులు పీకలేదు సారూ. పీకనీకె ఆడ ప్రాపులే లేవు."

ఓవర్‌మన్ ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ సర్దార్ పరీక్ష కాగితం నా దగ్గర్నే ఉన్నది కొమురెల్లీ. దాని మీద నేను రాయాల్సిన రెండు ముక్కలున్నయి. రేపటి దాక ఆలోచించుకో."

సర్దార్ కావాలన్నది కొమురెల్లి నాలుగేళ్ల కోరిక. చేతిలో కర్ర, పదిమంది ప్రాణాలకు పూచీ, షిఫ్టు చివర సొంత చేత్తో రాసే రిపోర్టు. ఈ మాటలన్నీ అందుకోసమే పోగేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కలిపి అలాగే కూర్చున్నాడు. భార్య అనసూర్య రెండుసార్లు చారు పోసింది, మూడోసారి గిన్నె కింద పెట్టింది.

"చెప్పరాదు?"

చెప్పాడు.

"సంతకం పెడితే సర్దార్‌వైతవు. అయినంక కనకవ్వ నల్లా కాడ ఎదురొస్తది. నీ పెనిమిటి ఏం రాసిండే అంటది. నన్నేం చెప్పమంటవు?"

"పెట్టకుండనే వచ్చిన."

"మరింక ఫికరేంది? అన్నం తిను" అంది అనసూర్య. చారు గిన్నె మళ్లీ అందుకుంటూ, "గా పుస్తకం గూట్లో ఎందుకు? రేపు నడుముకు చెక్కుకొని పో" అని కూడా అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. పరీక్షకు పోయేవాడు పుస్తకం పట్టుకుపోవాలని అనుకుందేమో.

శనివారం గనుల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సర్కారు మనిషి, కేరళ వాడు. తెలుగు రాదు, ఉర్దూ రాదు. ముందు దవాఖానకు వెళ్లారు. ఆగయ్య కాలికి పిండికట్టు కట్టి పైకి వేలాడదీశారు. తలాపున భార్య కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఓవర్‌మన్ మంచం పక్కన, రిపోర్టు పుస్తకాలు మోసుకుంటూ వామనరావు వెనకాల, సాక్షి అని పిలిచిన కొమురెల్లి గుమ్మం దగ్గర.

ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషులో చిన్న ప్రశ్న వేశాడు. ఓవర్‌మన్ దాన్ని తెలుగు చేశాడు. "బండ పడ్డప్పుడు యాడున్నవు, ప్రాపులు ఎందుకు తీసినవు అని అడుగుతున్నరు."

దొర నోట్లోంచి వచ్చింది అరడజను మాటలు. తెలుగులో రెండు ప్రశ్నలు పుట్టాయి. కొమురెల్లికి ఒళ్లు మండింది.

"నేనెందుకు తీస్త సారూ? ఉంటే గద తీసేది!" ఆగయ్య మోచేతుల మీద లేవబోయాడు. ఓవర్‌మన్‌ను వదిలి నేరుగా ఇన్‌స్పెక్టర్ ముఖంలోకే చూస్తూ వేళ్లమీద లెక్క చెప్పాడు. "మలుపు కాడ ఎలొక్వెంట్. అటెంక ఫ్రూగల్, గాడ సద్ది పెట్టుకుంటం. అటెంక పెరెనియల్, నీళ్లు కారుతుంటయి. అటెంక ఆబ్‌స్టినేట్. అటెంక టెనేషస్. టెనేషస్ దాకనే ప్రాపులున్నయి. టెనేషస్ తర్వాత ఏం లేదు. ఏం లేదు దొరా!"

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగిపోయింది. తలెత్తి ఆగయ్యను చూశాడు. మాసిన బనీను, బొగ్గు దిగిన గోళ్లు, వేలిముద్ర మనిషి. ఏమంటున్నాడతను అని ఓవర్‌మన్‌ను అడిగాడు. జ్వరం సార్, పలవరిస్తున్నాడు అని ఓవర్‌మన్ ఇంగ్లీషులో జవాబు చెప్పాడు.

పలవరించడమన్న ఇంగ్లీషు మాట కొమురెల్లికి అందింది. అది నూట నలభయ్యో మాట. గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు. నోరు తెరిచాడు. మూడు వందల పన్నెండు మాటలున్నాయి గాని, వాటిని కట్టడానికి ఒక్క తాడు లేదు. ఒక్క వాక్యం రాలేదు. చెవులు వేడెక్కాయి. నడుముకున్న పుస్తకం లాగి రెండు చేతులతో ముందుకు చాపాడు.

"సర్" అన్నాడు. అంతే.

ఇన్‌స్పెక్టర్ పుస్తకం వెనకనుంచి విప్పాడు. తారీఖు, మాట, అర్థం. తారీఖు, మాట, అర్థం. ఎలొక్వెంట్ దగ్గర వేలు పెట్టి కిందికి జరిపాడు. ఆగయ్య చెప్పిన వరుసే ఉంది. సోమవారం టెనేషస్. మంగళవారం అడ్డగీత. బుధవారం అడ్డగీత. వామనరావు చేతిలోంచి ఓవర్‌మన్ రిపోర్టు పుస్తకం తీసుకుని పక్కన పెట్టి చూశాడు. మంగళవారం నాలుగు ప్రాపులు. బుధవారం నాలుగు ప్రాపులు. ఈ గీతలేమిటి అని వామనరావునే అడిగాడు.

వామనరావు ముగ్గురు ఆడపిల్లల తండ్రి. పై అధికారి ముందు గొంతు పెగలని మనిషి. ఓవర్‌మన్ ఆయన్నే చూస్తున్నాడు. ఆయన హాజరు పుస్తకం తెరిచి, పుటల మధ్యనుంచి ఒక అట్టముక్క తీసి మంచం మీద పెట్టాడు. లూమినస్. వెనక రెండు రోజుల తారీఖులు, వాపసు అని రెండుసార్లు. తర్వాత జంకుతూ మొదలుపెట్టి, జంకు పోయేదాకా ఇంగ్లీషులో మాట్లాడాడు. కొమురెల్లికి అంతా అర్థం కాలేదు. ప్రాపు లేని రోజున ఈ మనిషి మాట కూడా పుచ్చుకోడండీ అన్న సంగతి చెప్తున్నాడని మాత్రం ముఖం చూసి తెలుసుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ బాయిలోకి దిగారు. ఇన్‌స్పెక్టర్ పేరున్న ప్రతి ప్రాపు దగ్గరా ఆగి దీపం ఎత్తి సుద్దరాత చదివి, పుస్తకంలో పెన్సిలుతో టిక్కు పెట్టాడు. మలుపునుంచి టెనేషస్ దాకా ఒక్కటీ తప్పలేదు. అక్కడినుంచి టేపు పట్టించాడు. పద్నాలుగు అడుగులు.

ప్రాపులు ఉండేవి సార్, పీకేశారు అని ఓవర్‌మన్ ఇంగ్లీషులో ఇంకా అంటూనే ఉన్నాడు.

కొమురెల్లి టెనేషస్ మొదట్లో మోకాళ్లమీద కూర్చున్నాడు. అరచేత్తో దుమ్ము తుడిచి, దుంగ కూర్చున్న గుంత అంచును వేలితో చూపించాడు. లేచి, దాని వెనకదాని దగ్గరా చూపించాడు. తర్వాత బండ తొలగించిన జాగాలోకి వచ్చి, మోకాళ్లమీదే జరుగుతూ, నేలంతా అడుగడుగూ తుడిచాడు. సదయ్య దీపం పట్టుకున్నాడు. పద్నాలుగు అడుగుల నేల పలకలా నున్నగా ఉంది. ఒక్క గుంత లేదు. పీకిన పన్నుకైనా చోటు మిగులుతుంది. ఇక్కడ అసలు పన్నే మొలవలేదు. దీనికి ఏ భాషా అక్కరలేకపోయింది.

పైకి వచ్చాక ఇన్‌స్పెక్టర్ రిపోర్టు పుస్తకాన్ని తన సంచిలో పెట్టుకున్నాడు. కొమురెల్లి పుస్తకం మాత్రం వెంటనే ఇవ్వలేదు. అడ్డగీతల కింద, తన చేత్తో ఆ రోజు తారీఖు వేసి ఒక మాట రాశాడు. సంతకం చేశాడు. అర్థం రాయలేదు, తెలుగు రాదు కదా. పుస్తకం ఇస్తూ కొమురెల్లి బొగ్గు చేతిని గట్టిగా పట్టుకుని ఊపి జీపెక్కాడు.

వామనరావు తొంగి చూసి పొంగిపోయాడు. "ఏం రాసిండో ఎరుకేనా? మెటిక్యులస్! అంటే..."

"చెప్పకు సారూ. డిక్షనరీ ఇయ్యి."

అట్ట ఊడిపోయిన డిక్షనరీని కొమురెల్లి హాజరు కిటికీ అరుగుమీద పెట్టుకుని వేలితో వెతికాడు. దొరికింది. ప్రతి చిన్న పనినీ శ్రద్ధగా, లోపం లేకుండా చేసే. ఇంకోసారి చదివాడు. పుస్తకం మూసి, తలపాగా విప్పి, అక్కర లేకపోయినా ముఖమంతా తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం మాట అర్థమేమిటని అనసూర్య అడిగితే "నువ్వే పుస్తకం పట్టుకపొమ్మంటివి గదా" అన్నాడు. అది జవాబు కాదని ఆమెకు తెలుసు. అయినా పళ్లెంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

సోమవారం ఓవర్‌మన్ జాగాలో వేరే మనిషి ఉన్నాడు. టింబర్ రెండు బండ్లు దిగింది. ఆనాటి చివరి ప్రాపుమీద బాకీపడ్డ లూమినస్ రాశాడు కొమురెల్లి. మంగళవారం చివరి ప్రాపు కోసం గుంత ఎప్పటికంటే రెండు వేళ్లు లోతు తవ్వాడు. బిగించాడు, కొట్టి విన్నాడు, ఖంగుమంది. సుద్దముక్క తీసి నెమ్మదిగా, పుస్తకంలో చూడకుండానే రాశాడు.

"అర్థమేందే కొమురెల్లన్నా?" అన్నాడు సదయ్య.

"తర్వాత చెప్త. టబ్బు చూసుకో పో."

సాయంత్రం దవాఖానలో ఆగయ్య అతని కోసమే చూస్తున్నాడు. ఆగయ్య తప్పేమీ లేదని ఆఫీసునుంచి కాగితం వచ్చిందని, కాలు కుదిరాక పైన దీపాల గదిలో పని ఇస్తారని కనకవ్వ చెప్పింది. దీపాల గదిలో పనైనా సరే, ఒక్కసారి కింది జాగా చూడనిదే ఒప్పుకోనని ఆగయ్య అప్పటికే మొదలుపెట్టాడు.

"నిన్న లూమినసంటివి. ఇయ్యాల ఏం పెట్టినవే?"

"మెటిక్యులస్."

"అంటే?"

కొమురెల్లి మంచం కోడును గోటితో గీకుతూ కూర్చున్నాడు.

ఆగయ్య అతని ముఖం కాసేపు చూశాడు. "మూడు నూర్ల మాటలు చెప్పినవు. ఒక్కదానికీ సిగ్గుపడలె. గిది నీ మీదనే రాసిండు గదా ఆ దొర?"

కనకవ్వ నవ్వింది, బండ పడ్డనాటినుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

"సరే తియ్, ఎరుకైంది" అని ఆగయ్య వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. వేళ్లు ముడుస్తూ మొదటినుంచి అందుకున్నాడు. "ఎలొక్వెంట్... ఫ్రూగల్... పెరెనియల్... ఆబ్‌స్టినేట్... టెనేషస్..." అక్కడ ఒక్క క్షణం ఆగాడు. "లూమినస్. మెటిక్యులస్." రెండో చేతి వేళ్లు ఇంకా మూడు మిగిలాయి. "రేపటిది సుత వచ్చి చెప్పు. నేను దిగిన్నాడు దారి తప్పొద్దు."